బోర్డు బిగించే ముందు

కారు కోసమో ట్రాక్టర్ కోసమో కొన్నేళ్ల కిందట ఇంటి పక్కన వేయించిన రేకుల షెడ్డు మీకు ఉందనుకుందాం. నాలుగు వైపులా రేకు, పైన రేకు, ముందు షట్టరు. ఇప్పుడు అందులో సగం చోటు పాత సామానుదే. మిగతా సగంలో చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలనో, నాలుగు కుట్టుమిషన్లు వేసుకోవాలనో, పిల్లలకు ట్యూషన్ చెప్పుకోవాలనో మీ మనసులో ఉంది. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం షట్టరెత్తి లోపలికి వెళితే పది నిమిషాలు నిలబడలేరు. కాంట్రాక్టరును పిలిస్తే ఆయన చెప్పిన అంకె విని ఆ ఆలోచన కాస్తా అటకెక్కింది.

దాన్ని కిందికి దించండి. ఆ పనిలో ఎక్కువ భాగం మీ చేతులతో మీరే చేసుకోవచ్చు. వెల్డింగు, మెయిన్ కరెంటు కనెక్షను, షట్టరు స్ప్రింగు, ఈ మూడూ మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయాలి. తక్కినవి డ్రిల్లు, రేకు కత్తెర, టేపు, లెవెల్ పైపు, తోడుగా ఒక మనిషి ఉంటే సెలవు రోజుల్లో చేసుకోగలిగినవే. దీనివల్ల డబ్బు మిగులుతుంది, నిజమే. కానీ చేతికి వచ్చే ధైర్యం అంతకన్నా విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను. ఒక గదిని మొదటి నుంచి చివరి దాకా సొంతంగా తయారుచేసుకున్న మనిషి ఇంట్లో ఏది చెడినా బెదిరిపోడు. మేస్త్రీతో, ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడేటప్పుడు ఏం అడగాలో అతనికి తెలుస్తుంది. వ్యక్తిత్వం గురించిన పుస్తకంలో రేకుల షెడ్డు మీద ఒక అధ్యాయం ఉండటానికి కారణం అదే.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. షెడ్డు గదిగా మారేది మీరు బిగించే బోర్డు వల్ల, వేసే రంగు వల్ల అనిపిస్తుంది. అసలు సంగతంతా రేకుకూ బోర్డుకూ మధ్య మిగిలే నాలుగంగుళాల సందులో ఉంది. వేడి అక్కడే ఆగాలి. నీళ్లు అక్కడి దాకా రాకూడదు, వచ్చినా బయటికి పోయే దారి ఉండాలి. కరెంటు తీగలు అక్కడే నడవాలి. ఎలుకకు అక్కడ చోటు దొరకకూడదు. బోర్డు బిగించాక ఆ సందు ఇక కనపడదు. అందుకని ఈ పనిలో బోర్డు పెట్టే రోజును ఎంత వెనక్కి జరపగలిగితే అంత మంచిది. బోర్డులు తెచ్చి గోడకు ఆనించాక వాటిని బిగించాలన్న తొందర ఎవరికైనా పుడుతుంది. కాబట్టి వాటిని ముందే కొనకండి.

చీకట్లో మొదటి పరీక్ష

సామానంతా బయటపెట్టి షెడ్డు ఖాళీ చేయండి. ఎండ బాగా ఉన్న రోజు, సరిగ్గా మిట్టమధ్యాహ్నం, లోపలికి వెళ్లి షట్టరు దించేయండి. సాయానికి ఒక మనిషిని బయట ఉంచండి. మొదట ఏమీ కనపడదు. కాసేపటికి కళ్లు చీకటికి అలవాటు పడతాయి. అప్పుడు పైకప్పులో సూదిమొన లాంటి వెలుగు చుక్కలు ఒక్కొక్కటే బయటపడతాయి. స్క్రూ పక్కన ఒకటి, రేకు మీద రేకు ఎక్కిన జాయింటులో సన్నని గీత ఒకటి, గోడ రేకు అడుగున వరసగా అర్ధచంద్రాలు. చాక్‌పీసు తీసుకుని ప్రతి చుక్క దగ్గరా గుర్తు పెట్టండి. ఎత్తులో ఉన్నవాటికి కింద గచ్చు మీద గుర్తు పెట్టుకున్నా సరిపోతుంది. వెలుగు వచ్చే ప్రతి చోటా గాలి వస్తుంది, గాలివాన వచ్చినప్పుడు నీళ్లూ వస్తాయి.

వెలుగు రాని చోట నీళ్లు కారవని మాత్రం అనుకోవద్దు. రెండో పరీక్ష నీళ్లతోనే చేయాలి. బయట ఒకరు పైపుతో నీళ్లు పడుతూ కింది నుంచి పైకి నెమ్మదిగా జరగాలి, లోపల మరొకరు టార్చి పట్టుకుని చూడాలి. పై నుంచి మొదలుపెడితే కారిన నీళ్లు అన్ని జాయింట్ల మీదుగా దిగుతాయి, ఏ చిల్లు దొంగో తేలదు.

ఎక్కువ లీకులకు మూలం స్క్రూ వాషరు. రేకు స్క్రూ తల కింద నల్లటి రబ్బరు వాషరు ఉంటుంది. స్క్రూను అతిగా బిగిస్తే అది నలిగి పక్కకు చీలిపోతుంది, వదులుగా ఉంటే పని చేయదు. పైనున్న లోహపు బిళ్ల అంచు దాటి రబ్బరు కాస్త ఉబ్బినట్టు కనిపిస్తే అది సరైన బిగింపు. ఎండకు పెళుసెక్కిన వాషరును మార్చాల్సిందే, దాని మీద సిలికాన్ పూస్తే ఒక్క వానాకాలం గడుస్తుందేమో. పాత చిల్లు వెడల్పైపోయి ఉంటే ఒక సైజు లావు స్క్రూ వేయండి. జాయింట్లకు సీలెంటు కొనేటప్పుడు షాపులో చవగ్గా ఇచ్చే మామూలు సిలికాన్ తీసుకోవద్దు. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది రేకు మీది జింకు పూతను తినేస్తుంది. ట్యూబు మీద న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే అడగండి.

గోడ రేకు అడుగున ఉన్న సందుల సంగతి వేరు. 1829లో హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఇంజనీరు లండన్‌లో మడతల రేకుకు పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ పలచటి రేకుకు బలం ఆ మడతలే. ఆ మడతల వల్లే కొసల్లో సందులు కూడా మిగులుతాయి. వాటిని చూడగానే మన మేస్త్రీలు అనే మాట, "సిమెంటు కొట్టేద్దాం సార్, గట్టిగా ఉంటది." దయచేసి ఒప్పుకోవద్దు. తడి సిమెంటులో ఉండే క్షారం జింకునూ అల్యూమినియాన్నీ రెండింటినీ కొరికేస్తుంది. ఇప్పుడు దొరికే రేకుల్లో చాలావాటికి పూత 55 శాతం అల్యూమినియం, 43 శాతం పైచిలుకు జింకు, మిగతాది కాస్త సిలికాన్. సిమెంటు అంటుకున్న వరసలోనే కొన్నేళ్లకు రేకు చిల్లులు పడటం మీరు ఎన్నో పాత షెడ్లలో చూసే ఉంటారు. మడత ఆకారానికి సరిపడేలా కత్తిరించిన ఫోమ్ పట్టీలు రేకులమ్మే షాపుల్లోనే దొరుకుతాయి. అవి పెట్టి, ఎలుకలు కొరకకుండా లోపలి వైపు పావు అంగుళం కళ్ల ఇనుప జాలీ బిగించండి.

పైకప్పు సిమెంటు రేకులదైతే ఇక్కడే ఆగండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని కోయడం, చిల్లులు వేయడం, గీకడం ఇంట్లోవాళ్ల ఊపిరితిత్తులకు ప్రమాదం. పైగా మనిషి బరువుకు అవి చటుక్కున విరుగుతాయి. ఇనుప రేకు మీద ఎక్కినా స్క్రూల వరస మీదే, అంటే కింద రేకును మోసే అడ్డ ఇనుప పట్టీ (పర్లిన్) ఉన్న చోటే అడుగు వేయాలి. మధ్యాహ్నం అసలు ఎక్కవద్దు.

నిప్పుతో చేసే పనులన్నీ ఇప్పుడే

సీలింగు వేలాడదీయడానికి అదనపు పైపు కావాలా? ఫ్యాను కొక్కెం కావాలా? బరువైన ర్యాకు కోసం గోడలో ఇనుప పట్టీ కావాలా? అన్నీ కాగితం మీద గీసుకుని వెల్డరును ఒక్కసారే పిలవండి. థర్మాకోల్, ఫోమ్ లాంటివి షెడ్డులోకి వచ్చాక ఇక వెల్డింగు జరగకూడదు, గ్రైండరు తిరగకూడదు. ఒక్క నిప్పురవ్వ సందులో పడి గంట తర్వాత అంటుకోవచ్చు. ఆ పొగ విషం.

వెల్డింగు అయిన చోట్ల మసి గీకి రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేయండి. గ్రైండరు చిమ్మిన ఇనుప రజను రేకు మీద అలాగే వదిలేస్తే రెండు వానలకే తుప్పు చుక్కలుగా మారుతుంది, బ్రష్షుతో ఊడ్చేయండి. రేకును కోయాల్సి వస్తే కత్తెరతో కోయండి. కటింగ్ వీలు వేడికి అంచున పూత కాలిపోతుంది.

వేడి, ఈ అధ్యాయంలో అసలు విషయం

మే నెలలో ఖమ్మం, కొత్తగూడెం, రామగుండం వైపు బయట గాలే 44 డిగ్రీలు ఉంటే ఎండలో ఉన్న రేకు 60 దాటడం మామూలే. ఆ రేకు కింద నిలబడితే తల మీద పొయ్యి ఉన్నట్టు అనిపించేది గాలి వేడి ఒక్కదాని వల్లనే అనుకోకండి. వేడెక్కిన రేకు కంటికి కనపడని కిరణాలుగా తన వేడిని సూటిగా మన ఒంటి మీదికి పంపుతుంది. ఫ్యాను వేసినా ఆ బాధ తగ్గకపోవడానికి కారణం ఇదే, ఫ్యాను గాలిని కదుపుతుంది గానీ కిరణాన్ని ఆపలేదు.

అందుకని మొదటి ఖర్చు రేకు పై వైపు పెట్టండి. తెల్లటి కూల్ రూఫ్ పెయింటు ఎండను అక్కడికక్కడే తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. రేకును కడిగి, దానికి సరిపడే ప్రైమరు వేసి, రెండు చేతులు వేయండి. రేకు మెరుస్తోంది కదా, అదే చాలదా అని అడుగుతారు కొందరు. చాలదు. పూత లేని మెరిసే రేకు ఎండను కొంత తిప్పికొట్టినా, తాను తాగిన వేడిని ఆకాశంలోకి వదలడంలో చాలా పిసినారి. తెల్ల రంగు ఆ రెండు పనులూ చేస్తుంది.

రెండోది లోపలి వైపు మెరిసే ఫాయిల్. రెండు వైపులా అల్యూమినియం ఉన్న రకం తీసుకోండి. ఇది తన మీద పడ్డ వేడి కిరణాల్లో నూటికి తొంభై పాళ్లకు పైగా వెనక్కి పంపగలదు, కానీ దానికి ఒక షరతు ఉంది. ఫాయిల్‌కు ఎదురుగా కనీసం ఒక అంగుళం గాలి సందు ఉండాలి. ఎంతోమంది దాన్ని నేరుగా రేకుకు అంటించేస్తారు. అలా రెండు లోహాలు తాకాక ఆ వైపు తిప్పికొట్టడానికి కిరణం ఉండదు, వేడి చేతి నుంచి చేతికి అందించినట్టు దాటిపోతుంది. కాబట్టి పర్లిన్ల కింద దాన్ని లాగి కట్టండి. పై ముఖం మీద నాలుగేళ్లకు దుమ్ము పడుతుంది, అది తప్పదు. కింది ముఖం శుభ్రంగానే ఉంటుంది, దానికీ బోర్డుకూ మధ్య కూడా సందు వదిలితే అది ఎప్పటికీ పని చేస్తూనే ఉంటుంది.

మూడోది గాలి. వేడి గాలి పైకి పోతుంది, కాబట్టి కప్పులో అన్నిటికన్నా ఎత్తైన చోట టర్బో వెంటిలేటరో, జాలీ కిటికీయో పెట్టండి. కింది నుంచి చల్లగాలి వచ్చే దారి లేకపోతే అది ఎంత తిరిగినా ప్రయోజనం లేదు. గోడ అడుగున, నీడ పడే వైపు, జాలీతో రెండు లూవర్లు పెట్టండి. కారో బైకో అక్కడే ఉంచేవాళ్లకు ఈ గాలి దారి ప్రాణానికి సంబంధించినది. అయినా సరే, షట్టరు దించి ఉన్నప్పుడు ఇంజను గానీ జనరేటరు గానీ నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది.

ఈ మూడూ అయ్యాకే గ్లాస్‌వూల్, రాక్‌వూల్, థర్మాకోల్, పఫ్ ప్యానెల్ గురించి ఆలోచించండి. ఏసీ పెట్టే ఉద్దేశం లేకపోతే తెల్లరంగు, ఫాయిల్, గాలి దారి, కింద ఒక సీలింగు, ఇవే చాలావరకు సరిపోతాయని నా అభిప్రాయం. ఏసీ పెట్టేవాళ్లకు మాత్రం మందం కావాలి, కనీసం 50 మిల్లీమీటర్లు. గ్లాస్‌వూల్‌ను నొక్కి ఇరికించవద్దు. దాని పని చేసేది అందులో చిక్కుకున్న గాలే, నొక్కితే ఆ గాలి పోతుంది. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, మాస్కు లేకుండా దాన్ని ముట్టుకోకండి. వాన చప్పుడుకు కూడా గ్లాస్‌వూలే మంచి మందు. మడతల మీద ధబధబా పడే జూలై వానలో పాఠం చెప్పాలన్నా ఫోను మాట్లాడాలన్నా ఉన్ని పొర, దాని కింద బోర్డు, రెండూ ఉండాలి.

వాన లేకుండా కారే నీళ్లు

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున రేకు లోపలి వైపు నుంచి చుక్కలు రాలుతుంటే చాలామంది లీకనుకుని పైన సీలెంటు పూస్తూ ఉంటారు. మబ్బులేని రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలి చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. లోపలి గాలిలోని తేమ దాని మీద మంచులా పడుతుంది. ఆదిలాబాద్, లంబసింగి వైపు వాళ్లకు ఇది బాగా అనుభవం. గుర్తుపట్టడం తేలికే. వాన పడినప్పుడు కారితే చిల్లు, వాన లేని తెల్లవారుజామున కప్పంతా ఒకేలా చెమటపడితే తేమ.

ఈ విషయంలో ఒక హెచ్చరిక. లోహపు గరాజుల లోపలి పనికి సంబంధించి మనకు దొరికే వీడియోల్లో ఎక్కువ అమెరికావి. అక్కడి చలి ప్రాంతాల్లో లోపల వెచ్చగా, బయట మంచుగా ఉంటుంది, తేమ లోపలి నుంచి బయటికి నడుస్తుంది. అందుకని వాళ్లు ప్లాస్టిక్ పొరను గది వైపు, బోర్డు వెనకే పెడతారు. మనకు విశాఖలోనో కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఏసీ గదిలో జరిగేది దీనికి తలకిందులు. బయటి గాలి 30 డిగ్రీలుండి తేమ 70 శాతం ఉన్న రోజున, 24 డిగ్రీలకు చల్లబడ్డ ఏ వస్తువు మీదైనా నీళ్లు పడతాయి. మీ ఏసీ 24 కన్నా కిందికి పెట్టుకుంటే బోర్డు వెనక వైపు ఆ చల్లదనానికి చేరుతుంది. అమెరికా పద్ధతిలో పొరను అక్కడే పెడితే బయటి నుంచి వచ్చిన తేమ అంతా దాని మీద పడి, ఉన్ని తడిసి, బూజు పడుతుంది. మన తీరంలో ఏసీ గదికి తేమను ఆపే పొర ఉన్నికి బయటి వైపు, అంటే రేకు వైపు ఉండాలి. గ్లాస్‌వూల్‌కు ఒక వైపు ఫాయిల్ అంటించి వస్తుంది కదా, ఆ ముఖం రేకు వైపు తిప్పండి, జాయింట్లకు ఫాయిల్ టేపు వేయండి. ఏసీ లేని షెడ్డుకు ఈ బాధ లేదు, గాలి ఆడితే చాలు.

రేకు కింద పడ్డ తేమ చుక్క ఫాయిల్ మీద పడి ఎటు పోవాలో కూడా ఆలోచించండి. ఫాయిల్‌ను కప్పు వాలు ప్రకారమే కట్టి, దాని కింది అంచు చూరు దాకా తెస్తే నీళ్లు బయటికే పోతాయి.

ఫ్రేము, తీగలు

లోపలి బోర్డుల బరువంతా వాటి సొంత ఫ్రేము మీదే ఉండాలి. జీఐ చానెళ్లతోనో సన్నటి చదరపు పైపులతోనో ఫ్రేము కట్టి, దాన్ని కింద గచ్చుకూ పైన పర్లిన్లకూ బిగించండి. బయటి రేకుకు ఒక్క స్క్రూ కూడా తగలకూడదు. దానికి రెండు కారణాలు. ఒకటి, మీరు వేసిన చిల్లు రేపటి లీకు. రెండోది, రేకు రోజూ కదులుతుంది. 20 అడుగుల రేకు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నానికి 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. సాయంత్రం కప్పు మీద వినిపించే టపటప శబ్దం అది తిరిగి ముడుచుకుంటున్న చప్పుడే. దానికి బోర్డును కట్టేస్తే ప్రతి జాయింటూ పగులుతుంది. ఫ్రేము పర్లిన్‌కు తగిలే చోట కూడా సన్నటి రబ్బరు పట్టీ పెట్టండి, వేడి ఇనుము నుంచి ఇనుముకు దూకకుండా.

నిలువు చానెళ్ల మధ్య 2 అడుగులు ఉంటే మామూలు బోర్డుకు చాలు. ర్యాకులు, పనిముట్లు తగిలించే గోడకు 16 అంగుళాలకు ఒకటి పెట్టండి. సీలింగు ఎత్తు నిర్ణయించే ముందు షట్టరు చుట్టుకునే డ్రమ్ము ఎంత కిందికి వస్తుందో కొలవండి. దాన్ని బోర్డుతో మూసేస్తే స్ప్రింగు పాడైన రోజున సీలింగు పగలగొట్టాల్సి వస్తుంది.

కరెంటు పని గురించి నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఇటుక గోడలో తీగ తొడుగు చిరిగితే ఒక్క చోటే ప్రమాదం. రేకుల షెడ్డులో ఒక తీగ చిరిగి రేకుకు తగిలితే షెడ్డు మొత్తం కరెంటు అవుతుంది, బయట రేకుకు ఆనుకున్న పిల్లవాడి దాకా. అందుకే తీగలన్నీ పీవీసీ పైపుల్లోనే నడవాలి. చానెల్ చిల్లులోంచి దూరే ప్రతి చోటా రబ్బరు రింగు ఉండాలి. థర్మాకోల్ వాడేవాళ్లు ఇంకో కారణంతో కూడా పైపు వాడాలి. తీగ తొడుగులోని పీవీసీ థర్మాకోల్‌కు నేరుగా తగులుతూ ఉంటే కాలక్రమాన మెత్తదనం పోయి పెళుసెక్కుతుంది. షెడ్డు ఇనుప చట్రాన్ని ఎర్తింగుకు కలపాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీని మెయిన్ స్విచ్‌బోర్డులో తప్పనిసరిగా పెట్టించండి, నెలకోసారి దాని టెస్టు బటను నొక్కి చూడండి. లైట్లకు 1.5, పెద్ద ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడటం మామూలు, వెల్డింగు మిషనుకో కంప్రెసరుకో విడిగా లైను లాగించాలి. పైపులు బిగించడం, డబ్బాలు పెట్టడం మీరు చేయండి. కలపడం, పరీక్షించడం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేయాలి.

గచ్చు సంగతి కూడా బోర్డుల కన్నా ముందే తేల్చండి. నీళ్లతో చేసే పని ఏదైనా గోడలు మూయకముందే అయిపోవాలి. తాండూరు బండలు గానీ బేతంచెర్ల నాపరాళ్లు గానీ బరువుకు ఓర్చుకుంటాయి, చల్లగా ఉంటాయి, నూనె మరక పడ్డా దిగులుండదు. ఎపాక్సీ వేయాలనుకునేవాళ్లు రెండడుగుల పాలిథిన్ ముక్కను గచ్చు మీద నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజంతా ఉంచండి. తీసి చూస్తే అడుగున చెమ్మ ఉందా, ఎపాక్సీ అక్కడ నిలవదు, పొరలుగా లేస్తుంది. షట్టరు వైపు వాలు అడుగుకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 20 అడుగులకు రెండున్నర అంగుళాలు ఉంటే కడిగిన నీళ్లు వాటంతట అవే పోతాయి.

మూసే ముందు రోజు

అన్నీ అయ్యాయి, ఇక బోర్డులు తెద్దాం అనిపించిన రోజున ఇంకొక్క రోజు ఆగండి. ఈ రోజు కొత్త పని ఏదీ చేయరు, చేసినదాన్ని చూస్తారు. మళ్లీ షట్టరు దించి వెలుగు చుక్కలు వెతకండి. ఫాయిల్ ఎక్కిన చోట రేకు కనపడదు, కాబట్టి పైపు పట్టి నీళ్లు కొట్టించి ఫాయిల్ అంచుల్లో తడి చూడండి. ప్రతి ప్లగ్గులో టెస్టు లాంపు పెట్టి వెలిగించండి. ప్రతి గోడనూ ఫొటో తీయండి, ఫొటోలో టేపు కనపడేలా పెట్టి తీస్తే చానెల్ ఎక్కడుందో, తీగ ఏ ఎత్తులో పోతోందో తర్వాత కొలుచుకోవచ్చు. ఇది బద్ధకంగా దాటేసే పని. నన్నడిగితే మొత్తం పనిలో ఇంతకన్నా లాభసాటి రోజు లేదు.

ఆ తర్వాత లెక్క వేసుకుని బోర్డులు తెప్పించండి. 15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న షెడ్డుకు గోడల చుట్టుకొలత 70 అడుగులు, అంటే 700 చదరపు అడుగులు. షట్టరుకు 80, పక్క తలుపుకు 20 తీసేస్తే 600. ఒక్కో 8x4 బోర్డు 32 చదరపు అడుగులు కాబట్టి 19 బోర్డులు, తరుగుతో కలిపి 21. కింది 4 అడుగులకు సిమెంట్ ఫైబర్ బోర్డు వాడండి. చెదలు పట్టదు, తడికి ఉబ్బదు, సైకిలు హ్యాండిలు గుద్దుకున్నా సొట్ట పడదు. పైన, సీలింగుకు జిప్సం చాలు. తీర ప్రాంతంలో తేమకు ఓర్చే ఆకుపచ్చ కాగితపు జిప్సం తీసుకోండి. ప్లైవుడ్ మీద మోజు ఉన్నా, నేల తగిలే గోడకు మన ఊళ్లలో చెదల ముందు అది నిలవదు.

బిగించేటప్పుడు గచ్చుకు అర అంగుళం పైన ఆపండి, కింద చెక్కముక్క పెట్టి దాని మీద బోర్డు నిలబెట్టి స్క్రూలు వేశాక ముక్క లాగేస్తే సరి. లేకపోతే గచ్చు కడిగిన ప్రతిసారీ బోర్డు నీళ్లు పీల్చుకుంటుంది. స్క్రూ తల కాగితాన్ని చింపకుండా కాస్త లోపలికి దిగాలి. అంచుల్లో 8 అంగుళాలకు, మధ్యలో అడుగుకు ఒకటి. సీలింగు గోడను తాకే చోట పావు అంగుళం సందు వదిలి పట్టీతో కప్పండి. బోర్డుల జాయింట్లకు వాల్ పుట్టీ పెట్టేయడం మన దగ్గర అలవాటు. అది వేసవికి చీలుతుంది. జాయింట్ కాంపౌండ్, దాని మీద టేపు, మళ్లీ రెండు పలచటి పూతలు, ఒక్కొక్కటీ ఆరాకే తర్వాతది. రంగు మీ ఇష్టం, లేత రంగైతే లైటు ఖర్చు తగ్గుతుంది.

నాలుగు చోట్ల మాత్రం బోర్డును జాయింట్ చేయకుండా స్క్రూలతో తీసి పెట్టుకునేలా ఉంచండి. షట్టరు డ్రమ్ము దగ్గర, చూరు కింద ఒక మూల, ఎర్తు కనెక్షన్ దగ్గర, లీకు బాగుచేసిన చోట్లలో పెద్దదాని దగ్గర. మొదటి పెద్ద వాన వెలిశాక ఆ నాలుగూ విప్పి టార్చి వేసి చూడండి. చానెళ్ల అడుగున, ఉన్ని అంచున వేలు పెట్టి చూడండి. తడి తగిలితే లోపలి నుంచి అతుకు వేయవద్దు. రేకు వైపు నుంచి సరిచేసి, సందు పూర్తిగా ఆరేదాకా ఫ్యాను పెట్టి, అప్పుడు ఆ బోర్డును తిరిగి బిగించండి.